పద్దెనిమిదో పన్ను

జూన్ 3

అక్కా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టకు. తిట్టినా ఇక్కడిదాకా వినపడదు. సోమవారం నుంచి నీ తమ్ముడు కెప్టెన్, సైన్యం వారి పళ్ళ డాక్టరు. భుజాల మీద నక్షత్రాలు కుట్టిన దర్జీ ఒక వైపు వంకరగా కుట్టాడు. అది తప్ప అంతా బాగానే ఉంది.

మొదటి రోజే మొదటి కేసు. భోజనాల హాల్లో బెంచీ చివర ఎవరు కూర్చోవాలని ఇద్దరు జవాన్లు కొట్టుకున్నారు. ఒకడి ముందు పన్ను విరిగి రెండోవాడి పిడికిట్లో, కణుపుల మధ్య మాంసంలో దిగబడిపోయింది. ఇద్దరూ నెత్తురు కార్చుకుంటూ నా ముందు నిలబడ్డారు. నా పన్ను నాకిప్పించండి సార్ అని ఒకడు, వాడొచ్చి క్షమాపణ చెబితేనే ఇస్తానని రెండోవాడు. పటకారుతో లాగి తీశాను. తీస్తుండగానే మళ్ళీ కలబడ్డారు. విడదీయబోయి నేనూ ఒక గుద్దు తిన్నాను. ఆరేళ్ళు చదివిన చదువులో ఈ పాఠం లేదక్కా.

నా గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి పైకి లేవదు, ఇంకొకటి కిందికి దిగదు. మా కల్నల్ గారు యాభై దాటిన మనిషి, ఆవిడ ముందు ఎంత పెద్ద సిపాయి అయినా నోరు మూసుకోడు, తెరుస్తాడు. ఆవిడ చేసిన మొదటి పని నీ పళ్ళ లెక్క నా చేత మాన్పించడం. పైన కుడివైపు చివర నుంచి ఒకటి, రెండు అంటూ కింద కుడివైపు చివర ముప్పై రెండు దాకా నీ క్లినిక్‌లో నువ్వు నేర్పావే, ఆ లెక్క ఇక్కడ చెల్లదు. నోటిని నాలుగు భాగాలు చెయ్యాలి. మొదటి అంకె భాగానిది, రెండో అంకె మధ్య నుంచి ఎన్నో పన్నో చెప్పేది. నీ లెక్కలో పద్దెనిమిది అంటే కింద ఎడమవైపు చివరి నుంచి రెండోది. మా లెక్కలో పద్దెనిమిది అంటే ఒకటో భాగం, ఎనిమిదో పన్ను, అంటే పైన కుడివైపు జ్ఞానదంతం. నీ లెక్క మ్యూజియంలో పెట్టుకోవాలని కల్నల్ గారు అన్నారు. నేననలేదు.

అసలు సంగతి. సెప్టెంబరు ముప్పయ్యో తేదీలోగా ఒక ఫారం నింపాలి. మూడు గడులు. ఏ శిక్షణ కావాలో వరుసగా రాయాలి. దవడ శస్త్రచికిత్స నాలుగేళ్ళు. పెద్దాసుపత్రిలో అన్ని పనులూ నేర్పే ఏడాది శిక్షణ. మూడోది మృతుల గుర్తింపు, అంటే ముఖం మిగలని శవాల పళ్ళు చూసి ఎవరో చెప్పే పని. మూడోది ఎవరూ రాయరట. మొదటి గడిలో ఏం రాయమంటావు?

నీ తమ్ముడు

జూన్ 14

ఒరేయ్ కెప్టెనూ,

అడగడానికేముంది? మొదటి గడిలో దవడ శస్త్రచికిత్స, రెండో గడిలో దవడ శస్త్రచికిత్స, మూడో గడిలో కూడా అదే రాయి. గడులు చాలకపోతే కాగితం వెనకాల రాయి. శవాల నోళ్ళలో వేళ్ళు పెట్టే పని మన ఇంటా వంటా లేదు. బతికున్నవాడు నొప్పి అంటాడు, తిడతాడు, కొరుకుతాడు. మన పని అది.

మీ కల్నల్ గారికి నా నమస్కారాలు చెప్పి, మ్యూజియంలో పెట్టాల్సింది ఎవరినో మేమిద్దరం ఎదురుబొదురు కూర్చుని తేల్చుకుంటామని చెప్పు. ఇరవై రెండేళ్ళుగా ఈ లెక్కతో ఒక్క తప్పు పన్ను పీకలేదు నేను.

ఇక్కడా మీ యుద్ధానికి తక్కువేం లేదు. మొన్న ఒకడు పెళ్ళాన్ని తీసుకొచ్చాడు. మెట్ల మీద పడిందట. మెట్ల మీద పడితే ముందు పళ్ళు నాలుగు లోపలికి మడతపడి, మెడ మీద వేళ్ళ గుర్తులు పడతాయా? ఆమె కుర్చీలో నోరు తెరవడానికి వాడి వైపు చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయి పరికరాల ట్రే ఎత్తి వాడి నెత్తిన వేశాను. స్టీలు ట్రే. నెత్తి చీలింది. కుట్లు కూడా నేనే వేశాను, మత్తు ఇవ్వకుండా. కేసు పెడతానన్నాడు. మెట్ల మీద పడ్డానని రాయించుకో అన్నాను. ఆమె ఇప్పుడు వాళ్ళ అమ్మ దగ్గర ఉంది.

మీ బావ నలభై రోజుల సెలవు మీద వచ్చి ఇంట్లో కనపడ్డ ప్రతి తలుపూ బాగుచేస్తున్నాడు. సైన్యానికి వంతెనలు కట్టే మనిషికి తలుపులు దొరికితే అంతే. మీ సైన్యం డాక్టర్లకు నోరు చూపించనని పంతం పట్టాడట, తన కంపెనీ జవాన్లందరూ నవ్వుతారట. నా నోరు నా పెళ్ళాం ఆస్తి అంటాడు. ఆస్తి కాదు అప్పు అన్నాను. ఒక పంటికి క్యాప్ వేసింది నేను, ఇంకొకటి పీకింది నేను, శుభ్రం చేసేదీ నేనే.

అన్నం వేళకు తిను.

అక్క

జూలై 2

అక్కా,

నన్ను కొండల అవతలి ఆసుపత్రికి పంపారు. మూడు నెలలు. అందరికంటే చిన్నవాడిని కాబట్టి నా పేరే ముందొచ్చింది. ఫోన్లు పైవాళ్ళ పనికే, మనకు ఉత్తరాలే దిక్కు.

ఇక్కడ రెండు గుడారాలు కలిపి కుట్టి ఆపరేషన్ గది అన్నారు. నిన్న ఒకణ్ణి తెచ్చారు. తూటా ఒక బుగ్గలో దూరి రెండో బుగ్గలోంచి వెళ్ళింది. కింది దవడ మూడు ముక్కలు. నాలుక వెనక్కి పడి ఊపిరాడక స్ట్రెచర్ మీద కాళ్ళు కొట్టుకుంటున్నాడు. నాలుకకు దారం కుట్టి బయటికి లాగి పట్టుకున్నాను. తీగలు బిగిస్తుంటే పళ్ళ ముక్కలు నా మోకాళ్ళ మీద రాలాయి. మూడు గంటలు పట్టింది. వాడు బతికాడు. సాయంత్రం పలక మీద 'అన్నం' అని రాసి చూపించాడు. గంజి కాచి గొట్టంతో పట్టించాను. దవడ శస్త్రచికిత్సే నా పని అని అప్పుడే తేలిపోయింది. నీ మాటే మొదటి గడిలో రాస్తాను.

ఇంకో సంగతి. చెబితే నీకు కోపం వస్తుంది, చెప్పకపోతే నాకు ఊపిరాడదు. ఒక సార్జంటు ఊళ్ళో డాక్టరు చీటీ తెచ్చాడు. 'పద్దెనిమిది పీకాలి' అని ఉంది. దవడంతా వాచి నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోవడం లేదు. బయట గుండ్లు పడుతున్నాయి, దీపం ఊగుతోంది. పైన కుడివైపు జ్ఞానదంతం కొంచెం పుచ్చి కనపడింది. పీకేశాను. రెండు రోజుల తర్వాత సార్జంటు మెడదాకా వాపుతో వచ్చి నన్ను గోడకు నొక్కి ముక్కు పగలగొట్టాడు. చెడింది కింద ఎడమది. చీటీ రాసినవాడిది నీ లెక్క. సార్జంటును ఇప్పుడు వెనక పెద్దాసుపత్రికి పంపారు, చీము గుండె దాకా పోతే బతకడు.

నీలాంటి మొండివాళ్ళ వల్లే అక్కా ఇదంతా. లోకమంతా ఒక లెక్క రాస్తుంటే మీ పంతం మీది. ఇకమీదట బయటినుంచి ఏ కాగితం వచ్చినా ముందు పాత లెక్క అనుకునే చదువుతానని ఒట్టు పెట్టుకున్నాను.

ముక్కు మీద కట్టుతో,
నీ తమ్ముడు

జూలై 15

ఒరేయ్,

నువ్వు తప్పు పన్ను పీకి నన్ను మొండిదాన్నంటావా? నోరు తెరుచుకోకపోతే తెరుచుకునేదాకా ఆగాలి. కాగితం చూసి పీకమని నీకెవరు నేర్పారు? నేనైతే కాదు. నేను చచ్చేదాకా నా లెక్క నాదే. ఈ విషయంలో ఇంకొక్క మాట రాస్తే ఈసారి కలిసినప్పుడు నీ పళ్ళు రాలగొట్టి, వాటికి నాకిష్టమైన అంకెలు వేస్తాను.

ఆ సార్జంటు ఎలా ఉన్నాడో రాయి.

మీ బావ సెలవు అయిపోయింది. రేపు బయల్దేరుతున్నాడు. మీ కొండల అవతలే ఏదో నది మీద వంతెన వెయ్యాలట. నీ దగ్గరికి వస్తే వాడి నోరు ముట్టుకోకు. అది నా కుర్చీ.

అక్క

ఆగస్టు 6

అక్కా,

నీకు కబురు అందే ఉంటుంది. బావ గల్లంతు అని మాత్రమే రాసి ఉంటారు. తెలిసింది నేను చెబుతాను, దాచను.

నెలాఖరున వంతెన సామాను వేసుకుని వెళ్తున్న లారీ మందుపాతర మీదికెక్కింది. లారీలో నలుగురు. పేలిన తర్వాత పైనుంచి కాల్చారు, తర్వాత డీజిలు అంటుకుంది. మూడు రోజులు ఆ దారిలోకి ఎవరూ వెళ్ళలేకపోయారు. వెళ్ళేసరికి ఇద్దరు బయట పడి ఉన్నారు, ముఖాలు గుర్తుపట్టారు. మూడో మనిషి లోపల పూర్తిగా కాలిపోయి ఉన్నాడు. నాలుగో మనిషి లేడు. నెత్తుటి చారలు రాళ్ళ మీదుగా వాగు దాకా ఉన్నాయి, ఆ తర్వాత లేవు. శత్రువులు ఆ మనిషిని బతికుండగా ఈడ్చుకుపోయారని అంటున్నారు.

లెక్కకు తేలని వాళ్ళు ఇద్దరు. బావ, లారీ డ్రైవరు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు. శవం ఒకటే.

ఈ కొండల్లో పళ్ళ డాక్టరును నేనొక్కణ్ణే. నన్నే చూడమని కల్నల్ గారి ఆజ్ఞ. బావ ఫైలు తెప్పించాను. అందులో 'పళ్ళు బాగున్నాయి' అని ఒక్క ముక్క ఉంది. మా వాళ్ళకు నోరు చూపించలేదు కదా. డ్రైవరు కొత్తగా చేరాడు, వాడికి ఫైలే లేదు. పైన ఎక్కడో క్యాప్ పన్ను ఉండేదని, ఎటువైపో గుర్తులేదని వాడి భార్య చెప్పిందట.

బావ కార్డు, ఎక్స్‌రే ఉంటే అది కూడా, ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇవ్వు. అక్కా, ధైర్యంగా ఉండు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

తమ్ముడు

ఆగస్టు 9

తమ్ముడూ,

కార్డు ఇచ్చాను. ఎక్స్‌రే ఫిలిములు వానకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. లాగితే చిరిగిపోయాయి. గోడ కారుతోందని మీ బావ చెబుతూనే ఉన్నాడు, వినలేదు.

అంతా కార్డు మీదే ఉంది. సరిగ్గా చదువు. నువ్వు పంపిన మనిషి గుమ్మంలో తొందర పెడుతున్నాడు, ఇంతకంటే రాయలేను.

అక్క

ఆగస్టు 13

అక్కా,

బావ కాదు.

ముందు ఆ మాట చదువు. కూర్చుని చదువు. బావ కాదు. నువ్వు పీకేశానని కార్డు మీద రాసిన పన్ను ఈ మనిషి నోట్లో గట్టిగా, వేరుతో సహా ఉంది. క్యాప్ కూడా నువ్వు వేసిన చోట లేదు, వేరే చోట ఉంది. నాలుగు సార్లు చూశాను. దవడను కడిగి, మసి గీకి, దీపం దగ్గరికి తెచ్చి చూశాను. పీకిన పన్ను మళ్ళీ మొలవదు కదా.

శవం డ్రైవరుదని రాసి సంతకం పెట్టాను. పాపం వాడి భార్యకు కబురు వెళ్ళింది. వాగు దాకా వెళ్ళిన నెత్తురు బావదన్నమాట. పట్టుకుపోయారంటే బతికున్నాడనే అర్థం. చచ్చినవాణ్ణి మోసుకుపోయే ఓపిక ఎవరికీ ఉండదు. ఖైదీల మార్పిడి గురించి పైన మాటలు నడుస్తున్నాయని కల్నల్ గారు చెప్పారు.

సంతకం పెట్టాక బయటికొచ్చి రాళ్ళ మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. సిపాయిలు చూశారు. చూస్తే చూడనీ.

ఆ సార్జంటు కూడా బతికాడు.

నీ తమ్ముడు

ఆగస్టు 26

నా తమ్ముడూ, నా బంగారూ,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. పరామర్శకు వచ్చి గుమ్మంలో కూర్చున్న వాళ్ళందరినీ లేపి పంపించేశాను. ఎదురింటావిడ 'ఎందుకైనా మంచిది, మనసు రాయి చేసుకోండి' అంది. ఆవిడకు వచ్చే వారం పన్ను పీకాలి, అప్పుడు చూపిస్తాను రాయి అంటే ఏంటో.

మూడు వారాల తర్వాత నిన్ననే క్లినిక్ తెరిచాను. మీ బావ వస్తే ఏం తిట్టాలో వరస వేసుకుంటున్నాను. ఖైదులో కొడతారేమో, పళ్ళు విరగ్గొడతారేమో అని భయంగా ఉంది. విరగ్గొట్టినా ఫరవాలేదు, నేను కడతాను. ప్రాణంతో నా కుర్చీ దాకా వస్తే చాలు.

ఇప్పుడు నీకో రహస్యం చెబుతాను, నవ్వకు. నువ్వే గెలిచావు. నువ్వు సార్జంటు సంగతి రాసినప్పుడు నిన్ను తిట్టాను గానీ ఆ రోజంతా అన్నం దిగలేదు. అదే వారం కూర్చుని కార్డులన్నీ మీ కొత్త లెక్కలోకి మార్చేశాను. తొమ్మిది వందల కార్డులు! మీ బావ పక్కన కూర్చుని పాత అంకె చదవడం, నేను కొత్తది రాయడం. అన్నిటికంటే ముందు వాడి కార్డే మార్చాం. 'నీ చేత పంతం మాన్పించిన మొదటి మగాడు నీ తమ్ముడే' అని ఒకటే నవ్వు. నీకు చెప్పొద్దన్నాను. ఎదురుగా ఉన్నప్పుడు చూపించి నీ ముఖం చూద్దామనుకున్నాను. అందుకే 'చచ్చేదాకా నా లెక్క నాదే' అని రాశాను, అదీ వాడు పక్కన కూర్చుని నవ్వుతుండగానే. కార్డు చూసి నీకు తెలిసిపోయే ఉంటుంది. ఏమీ అనకుండా ఊరుకున్నావు, పెద్దవాడివయ్యావు.

ఫారం మర్చిపోకు. మొదటి గడి, దవడ.

నీ అక్క

సెప్టెంబరు 4

అక్కా,

ఈ ఉత్తరం పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చదువు.

నీ కార్డును నేను పాత లెక్క అనుకునే చదివాను. నువ్వు మారవని నాకు తెలుసు, చచ్చేదాకా మారనని నువ్వే రాశావు, నేను ఒట్టు కూడా పెట్టుకున్నాను. 'పద్దెనిమిది పీకేశాను' అని ఉంటే కింద ఎడమవైపు చూశాను. అక్కడ పన్ను ఉంది. 'పద్నాలుగుకు క్యాప్' అని ఉంటే పైన ఎడమవైపు పెద్ద పన్ను చూశాను. దానికి లేదు. నువ్వు రాసింది కొత్త లెక్క. పద్దెనిమిది అంటే పైన కుడివైపు జ్ఞానదంతం. ఆ మనిషికి అది లేదు. పద్నాలుగు అంటే పైన కుడివైపు నాలుగోది. ఆ మనిషికి దాని మీదే క్యాప్ ఉంది.

బావే అక్కా. లారీలో ఉన్నది బావే.

ఇంకోటి కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను మనిషిని కాను. క్యాప్ లోపలివైపు అంచు నాలుకకు తగలకుండా ఏటవాలుగా అరగదీసి ఉంది. అలా అరగదీసేది నువ్వు. నాకు నేర్పిందీ నువ్వే. నేను ఆ అంచు చూశాను. చూసి, ఇలా ఇంకెవరూ చెయ్యరా ఏంటి అని నాకు నేను చెప్పుకున్నాను. అంకెలు బావ కాదంటున్నాయి కదా అని వాటిని పట్టుకుని వేలాడాను. బావ కాకూడదనుకున్నాను. అంతే. తప్పు అంకెలది కాదు, నాది.

నీ ఉత్తరం ఇద్దరు గాయపడ్డవాళ్ళ మధ్య నిలబడి చదివాను. రికార్డుల గుమాస్తా దగ్గరికి పరిగెత్తి రిజిస్టరు తియ్యమన్నాను. కాలిపోయిన శవం ఎవరిదైతే ఏంటి సార్, ఇద్దరూ మనవాళ్ళేగా అన్నాడు. వాడి నోటి మీద కొట్టాను. పడిపోయాక కూడా కొట్టాను. నలుగురు వచ్చి లాగితే గానీ ఆగలేదు. వాడి ముందు పన్ను ఒకటి నేల మీద దొరికింది. దాన్ని ఉప్పునీళ్ళలో కడిగి, మళ్ళీ గుంటలో పెట్టి, పక్క పళ్ళకు తీగతో కట్టాను. కడుతున్నంతసేపూ వాడు నా కళ్ళలోకి చూస్తూనే ఉన్నాడు.

బావను డ్రైవరు భార్యకు అప్పగించేశారు. పెట్టె మూసి, తెరవొద్దని చెప్పి. వాళ్ళ ఊరి సైనిక శ్మశానంలో పోయిన నెల పూడ్చారు. కల్నల్ గారికి అంతా చెప్పాను. పదహారో తేదీన తవ్వుతారు.

నన్ను ఏమైనా అను.

తమ్ముడు

సెప్టెంబరు 9

తవ్వేటప్పుడు నేను అక్కడ ఉంటాను. ఆడవాళ్ళు చూడకూడదు, భార్య చూడకూడదు అని ఎవరైనా అంటే వాళ్ళ పళ్ళకు నేను బాధ్యురాలిని కానని మీ కల్నల్‌కు చెప్పు. నేను వచ్చేదాకా పెట్టె తెరవకూడదు. నువ్వు ఆ నోరు ముట్టుకోకూడదు.

అక్క

సెప్టెంబరు 19

అక్కా,

నువ్వు వెళ్ళిపోయి మూడు రోజులైంది.

నువ్వు చేతి తొడుగు తీసేసి, ఉత్త వేలితో ఆ క్యాప్ అంచు తడిమి, 'నాదే' అన్నావు. తర్వాత ఇటు తిరిగి కల్నల్ గారి ముందు, సిపాయిల ముందు నన్ను కొట్టావు. ఒకటి కాదు. చెవిలో ఇంకా గుయ్యిమంటోంది. నువ్వు కొట్టిన వాటికి నాకేం బాధ లేదు. ఆపేశావు, అదే బాధ. అక్కడ డ్రైవరు భార్య కూడా నిలబడి ఉంది, చూశావా? నెల రోజులు ఏడ్చి పూలు పెట్టిన గుంట అది. పెట్టె పైకి తీస్తుంటే ఎవరిని పట్టుకోవాలో తెలియక పార పట్టుకుని నిలబడింది.

గుమాస్తా నా మీద ఫిర్యాదు పెట్టలేదు. పన్ను నిలబడింది. నాలుగు రోజులకోసారి వచ్చి తీగ బిగించుకుని పోతాడు.

ఉద్యోగం వదిలేస్తానని రాసిచ్చాను. కల్నల్ గారు చింపేశారు. దవడ శస్త్రచికిత్సలో నా చోటు ఇంకా ఉందట, ఫారంలో రాస్తే చాలట. రాసేసి వెళ్ళిపోతాను. బతికున్నవాళ్ళను కుట్టుకుంటాను. చచ్చినవాడి నోరు ఇక జన్మలో తెరవను. మృతుల గుర్తింపు శిక్షణకు ఈసారి ఒక్క అర్జీ కూడా రాలేదని ఆవిడ నా ముందే అన్నారు. నా వైపు చూడలేదు గానీ నాకోసమే అన్నారు. వాగు ఎగువన ఒక గోతిలో పదకొండు మంది దొరికారట. ముఖాలు లేవు. నేను తల దించుకుని బయటికి వచ్చేశాను.

తమ్ముడు

సెప్టెంబరు 25

తమ్ముడూ,

కొట్టినందుకు నేను క్షమాపణ చెప్పను. నన్ను కొట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నీకు రెండు ఎక్కువ తగిలాయి. పంతం నాది. కొత్త లెక్కలో రాశానని కార్డు మీద ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు పన్ను పీకలేదని నీకు గొప్పలు రాశాను కదా. నువ్వు అబద్ధం చెప్పావని నేను ఏ రోజూ అనుకోలేదు. నీలాగే నాకూ బావ కాకూడదనే ఉంది. మనిద్దరం కలిసి వాణ్ణి మూడు వారాలు బతికించుకున్నాం. ఆ రోజుల్లో ఇంట్లో వాడి గొంతు వింటున్నట్టే ఉండేది నాకు. ఇప్పుడు తలుపులన్నీ చప్పుడు చెయ్యకుండా మూసుకుంటున్నాయి. చూస్తే నరికి పొయ్యిలో పెట్టాలనిపిస్తోంది. నిన్న ఒకటి గొడ్డలితో కొట్టాను. విరగలేదు. గట్టిగా చేశాడు.

నేను నేరుగా ఇంటికి రాలేదు. శ్మశానం నుంచి డ్రైవరు భార్య ఇంటికి వెళ్ళి రెండు రోజులున్నాను. ఆమె నన్ను లోపలికి రానిస్తుందనుకోలేదు. రానిచ్చింది. రెండు గదుల ఇల్లు, కుట్టు మిషను, గోడకు వాడి చొక్కా. ఆ చొక్కా ఉతికి మడతపెట్టి ఎవరికో ఇచ్చేసిందట, మొన్న శ్మశానం నుంచి రాగానే పరిగెత్తుకెళ్ళి వెనక్కి తెచ్చుకుందట. ఇచ్చిన ఇంట్లోవాళ్ళు ఆమెకు మతి తప్పిందేమోనని తలుపు గడియ పెట్టుకున్నారట.

రాత్రి పడుకోబోతూ నన్ను అడిగింది. 'మీ ఆయన బతికే ఉన్నాడని మీకు చెప్పారు కదా. ఇప్పుడు నాకూ అదే చెప్పారు. నమ్మమంటారా?'

ఒరేయ్, నమ్ము అంటే నాకు జరిగిందే ఆమెకూ జరుగుతుందేమో. నమ్మొద్దు అంటే బతికున్నవాణ్ణి నేనే చంపినట్టు. గోతిలో దొరికిన ఆ పదకొండు మంది సంగతి శ్మశానంలో సిపాయిలు అనుకుంటుంటే నేను విన్నాను, ఆమెకు తెలియదు. చెప్పేశాను. ఆమె లేచి గోడకు తల కొట్టుకుంది. పట్టుకోబోతే నన్ను గోళ్ళతో రక్కింది. చేతి మీద చారలు ఇంకా మానలేదు.

తెల్లారాక వాడు క్యాప్ వేయించుకున్న డాక్టరును వెతికి పట్టుకున్నాం. ముసలాయన, కార్డులు బీరువా అడుగున ఉన్నాయి. డ్రైవరు కార్డు దొరికింది. ఆయనది ఏ లెక్కో ఆయనకే సరిగ్గా తెలియదు. అంకెలన్నీ కొట్టేయించాను. క్యాప్ ఉన్నది పై దవడ, ఎడమవైపు, మధ్య నుంచి ఐదోది అని మాటల్లో రాయించాను. పీకినవి, నింపినవి, పుచ్చినవి, అన్నీ మాటల్లోనే. ఆమె అంతా చదివించుకుని విని కింద సంతకం పెట్టింది. కార్డు ఈ కవరులో ఉంది.

శవాల నోళ్ళలో వేళ్ళు పెట్టే పని మన ఇంట లేదని రాశాను నీకు. ఇప్పుడు ఉంది. దవడలు కుట్టడానికి నలుగురు దొరుకుతారు. అంకెలు చెప్పినా సరే, ఆశ చెప్పినా సరే, అంచు తడిమి చూసేదాకా సంతకం పెట్టకూడదని తెలిసినవాడు నువ్వొక్కడివే ఉన్నావు. ఎంత ఖరీదు పెట్టి నేర్చుకున్నావో నాకు తెలుసు, ఖరీదు నాది.

ఆమెకు నీ చిరునామా ఇచ్చాను. ఆ పదకొండు నోళ్ళూ నువ్వే చూస్తావని, చూసి, వాడైనా కాకపోయినా నీ చేత్తో ఆమెకు రాస్తావని మాట ఇచ్చి వచ్చాను. నిన్ను అడగకుండానే ఇచ్చాను. ఫారం గడువు ముప్పయ్యో తేదీ. ఆమె రోజూ టపా కోసం గుమ్మంలో నిలబడుతుంది.

అక్క